చక్రాల కుర్చీలో రెండో జీవితం: డాక్టర్ మేరీ వర్గీస్

ఈసారి జీవిత కథల శీర్షిక రాయడం నా వంతు. ఇంజినీరింగ్ కాలేజీ పత్రిక కదా, విశ్వేశ్వరయ్య గారో, కె.ఎల్. రావు గారో, కలాం గారో అయితే బాగుంటుందని మా క్లబ్బులో అనుకున్నారు. వాళ్ల గురించి చిన్నప్పటి నుంచీ చదువుతూనే ఉన్నాం. నేను రాయబోయేది ఒక డాక్టరమ్మ గురించి. పేరు మేరీ వర్గీస్. మెడిసిన్ చదివేవాళ్లకీ, వెన్నుపాము దెబ్బతిన్న మనిషి ఉన్న ఇళ్లకీ ఈ పేరు బాగా తెలుసు. మాది అలాంటి ఇల్లే. ఆ సంగతి తర్వాత చెప్తా.

ఆవిడ మలయాళీ, పనిచేసింది వెల్లూరులో. తమిళనాడే అయినా వెల్లూరు మనకి పరాయి ఊరేం కాదు. పాతతరం వాళ్లు ఇప్పటికీ రాయవెల్లూరు అంటారు. కాచిగూడలో రాత్రి వెంకటాద్రి ఎక్కితే తెల్లారాక చిత్తూరులో దిగొచ్చు, అక్కడి నుంచి బస్సు. మా లోయర్ ట్యాంక్ బండ్, చిక్కడపల్లి, నారాయణగూడ వైపు ఇళ్లలో ఎవరికైనా పెద్ద కష్టం వస్తే, ఇక్కడ చూపించాల్సిన చోటల్లా చూపించాక, చివరికి ఎవరో ఒకరు వెల్లూరు సీఎంసీ పేరెత్తుతారు. ఆ వార్డుల్లో, చుట్టుపక్కల లాడ్జీల్లో తెలుగు బాగానే వినపడుతుంది.

మేరీ వర్గీస్ 1925లో కొచ్చిన్ దగ్గర చెరాయి అనే ఊళ్లో పుట్టారు. కలిగిన కుటుంబం, ఇంటినిండా పిల్లలు. ఎర్నాకుళం మహారాజా కాలేజీలో చదివి, 1946లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో చేరారు. ఐడా స్కడర్ అనే అమెరికన్ డాక్టరమ్మ 1900లో ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల అది. 1918లో ఆడపిల్లల కోసం వైద్య పాఠశాల పెట్టారు, అదే పెద్ద కాలేజీ అయింది. మేరీ అక్కడ డాక్టరయి, ప్రసూతి, స్త్రీల వైద్యం వైపు వెళ్లారు. పురుళ్లు పోయడం, ఆపరేషన్లు చేయడం, రాత్రీపగలూ నిలబడి చేసే పని. అదే తన జీవితమని అనుకున్నారు.

1954 జనవరి 30న సెలవు సరదాగా గడుపుదామని కొందరు కుర్ర డాక్టర్లు కలిసి కారులో బయల్దేరారు. దారిలో కారు అదుపు తప్పి బోల్తా పడింది. మేరీ ముఖం చీరుకుపోయింది, వెన్నెముక విరిగింది. అప్పటికి ఆవిడ వయసు 28. స్పృహ వచ్చాక తెలిసిందేమిటంటే, నడుం కింది భాగం ఇక తనది కాదు. కదలదు, తాకితే తెలియదు. ఒక డాక్టరుకి ఈ మాట ఇంకొకరు చెప్పక్కర్లేదు కదా. తన కేసు షీటు తనే చదువుకున్నంత స్పష్టంగా తెలిసిపోతుంది.

ఇక్కడ కొంచెం ఆగి, అసలేం జరుగుతుందో మన భాషలో చెప్పుకుందాం. వెన్నెముక వేరు, వెన్నుపాము వేరు. వెన్నెముక అంటే ఎముకల గొట్టం. అందులోంచి మెదడు నుంచి కిందికి దిగే కేబుల్ వెన్నుపాము. చిటికెన వేలంత మందం, సుమారు 45 సెంటీమీటర్ల పొడవు. ఎముక విరిగితే అతుక్కుంటుంది. వెన్నుపాము నరాలు తెగితే మళ్లీ పెరగవు. మెడ దగ్గర దెబ్బతింటే చేతులు కాళ్లు రెండూ పోతాయి, వీపు కింది భాగంలో అయితే కాళ్లు పోతాయి. బయటికి కనపడేది కాళ్లు కదలకపోవడమే. కానీ కేబుల్‌లో వెళ్లేది కదలిక సిగ్నల్ ఒక్కటే కాదు. నొప్పి తెలియడం, వేడి తెలియడం, మూత్రం వస్తోందని తెలియడం, విరేచనం మీద అదుపు, ఇవన్నీ అదే దారిలో వెళ్తాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషి నిద్రలో కూడా తెలియకుండా పక్కకి ఒత్తిగిల్లుతాడు. వెన్నుపాము పోయిన మనిషికి ఒత్తుకుంటోందన్న కబురే మెదడుకి చేరదు. ఎముకకీ పరుపుకీ మధ్య నలిగిన చర్మానికి రక్తం అందక పుండు పడుతుంది. దాన్ని పట్టించుకోకపోతే ఎముక దాకా వెళ్తుంది. మూత్రం పూర్తిగా బయటికి రాకపోతే ఇన్ఫెక్షన్ కిడ్నీలకి పాకుతుంది.

మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో వెన్నుపాము దెబ్బతిన్న సైనికుల్లో ఎక్కువమంది కొన్ని వారాల్లో, నెలల్లో చనిపోయేవారు. చంపింది దెబ్బ కాదు, ఈ పుండ్లు, ఈ ఇన్ఫెక్షన్లు. జర్మనీలో నాజీల నుంచి తప్పించుకుని ఇంగ్లండ్ చేరిన లుడ్విగ్ గట్‌మన్ అనే డాక్టరు 1944లో స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో ఈ లెక్క మార్చారు. ఆయన వాడింది కొత్త మందేమీ కాదు. రెండు గంటలకోసారి రోగిని పక్కకి తిప్పించడం, మూత్రం సంగతి శుభ్రంగా చూడటం, వీలైనంత త్వరగా లేపి ఏదో ఒక పనిలో, ఆటలో పెట్టడం. 1948లో 16 మంది చక్రాల కుర్చీ వాళ్లతో విలువిద్య పోటీ పెట్టారు. ఇవాళ మనం చూసే పారాలింపిక్స్‌కి మూలం అదే. మేరీకి ప్రమాదం జరిగేనాటికి ఈ జ్ఞానం ప్రపంచంలో ఉంది. మన దేశంలో మాత్రం అలాంటి రోగిని చేర్చుకుని, పూర్తిగా బాగుచేసి, బతుకు నేర్పి పంపే చోటు లేదు.

మేరీ నెలల తరబడి మంచం మీదే ఉన్నారు. కాళ్లే కాదు, సరిగ్గా కూర్చోవడం కూడా కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. నడుం కండరాలు పట్టు ఇవ్వకపోతే మనిషి కుర్చీలో ఒరిగిపోతాడు. ఆ రోజుల్లోనే డాక్టర్ పాల్ బ్రాండ్ ఆవిడకి ఒక దారి చూపించారు. ఆయన తమిళనాడు కొల్లి కొండల్లో పుట్టిన ఇంగ్లీషాయన, వెల్లూరులో కుష్టు రోగుల చేతులకి ఆపరేషన్లు చేసేవారు. కుష్టులో నరం చచ్చుబడి వేళ్లు గద్దగోళ్లలా ముడుచుకుపోతాయి. బాగా పనిచేస్తున్న కండరం నుంచి ఒక టెండన్‌ని తీసి, దారి మళ్లించి, చచ్చుబడిన వేలికి కలిపితే ఆ వేలు మళ్లీ తెరుచుకుంటుంది. మెకానికల్ వాళ్లకి వెంటనే అర్థమవుతుంది. టెండన్ అంటే తాడు, కీలు అంటే కప్పీ, కండరం అంటే మోటారు. ఒక మోటారు కాలిపోతే పక్క మోటారు నుంచి తాడు లాగుతున్నారు, అంతే. ఇందులో మేరీకి పనికొచ్చిన సంగతి ఒకటుంది. చేతి ఆపరేషన్ కూర్చుని చేయొచ్చు.

అలా నిలబడి పురుళ్లు పోసిన చేతులు కూర్చుని వేళ్లు బాగుచేయడం మొదలుపెట్టాయి. ఒళ్లంతా చెమట పట్టి, వెన్ను నొప్పితో అలసిపోయినా ఆవిడ ఆ పని నేర్చుకున్నారు. కుష్టు రోగుల్ని ఊరు వెలివేసిన కాలం అది. మాకింక ఏం బతుకు అనుకుంటూ మంచం మీద పడున్న వాళ్ల దగ్గరికి ముఖం మీద పెద్ద మచ్చతో ఒక డాక్టరు చక్రాల కుర్చీలో వచ్చేది. వాళ్లలో చాలామంది నడవగలరు, ఆవిడ నడవలేదు. అయినా వాళ్ల చేతులు బాగుచేయడానికి వచ్చింది ఆవిడే. ఆ దృశ్యం రోగుల్లో తెచ్చిన మార్పు గురించి బ్రాండ్ తర్వాత తన పుస్తకాల్లో రాశారు.

ఇంతటితో ఆగిపోయినా గొప్ప కథే. ఆవిడ ఆగలేదు. ఆస్ట్రేలియాలో పెర్త్ వెళ్లి, మంచం మీద నుంచి కుర్చీలోకి, కుర్చీలోంచి స్నానాల గదిలోకి ఎవరి సాయం లేకుండా మారడం నేర్చుకున్నారు. అంటే అక్కడ ఆవిడ రోగి. తర్వాత అమెరికా వెళ్లి న్యూయార్క్‌లో హోవార్డ్ రస్క్ నడిపే పునరావాస వైద్య సంస్థలో చదువుకున్నారు. అక్కడ ఆవిడ డాక్టరు. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికులకి చికిత్స చేసిన అనుభవంతో, వైద్యం అంటే ప్రాణం నిలబెట్టడంతో అయిపోదు, ఆ ప్రాణాన్ని మళ్లీ బతుకులో పెట్టాలి అన్న పద్ధతిని తెచ్చినవాడు రస్క్. 1962లో మేరీ వెల్లూరు తిరిగొచ్చి, ఆ మరుసటి ఏడాది పునరావాస వైద్య విభాగానికి అధిపతి అయ్యారు. డొరొతీ క్లార్క్ విల్సన్ అనే అమెరికన్ రచయిత్రి ఆవిడ జీవితం మీద రాసిన పుస్తకం వచ్చింది కూడా 1963లోనే.

1966లో వెల్లూరు ఊరి బయట బాగాయంలో పునరావాస కేంద్రం తెరిచారు. రోగుల్ని చేర్చుకుని పునరావాసం ఇచ్చే సంస్థల్లో దేశంలో ఇదే మొదటిది. కండరాలకి వ్యాయామం ఒక్కటే కాదు, కాలిపర్లు, కృత్రిమ కాళ్లు తయారుచేసే వర్క్‌షాపు, చేతిపని నేర్పే ఏర్పాటు కూడా ఆ పద్ధతిలో భాగం. 1972లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 1986 డిసెంబరులో, 61 ఏళ్ల వయసులో ఆవిడ కన్నుమూశారు. ఇప్పుడు ఆ కేంద్రానికి ఆవిడ పేరే ఉంది. లెక్క వేస్తే, ఆవిడ కాళ్ల మీద బతికింది 28 ఏళ్లు, చక్రాల మీద బతికింది దాదాపు 33 ఏళ్లు. మనకి గుర్తున్న పని అంతా ఆ రెండో భాగంలోదే.

ఆవిడ కథ ఇంత వివరంగా ఎందుకు చదివానో ఇప్పుడు చెప్తా. మా మేనమామ చిక్కడపల్లిలో ఒక ప్రెస్సులో బైండింగ్ పని చేసేవాడు. కాగితం కట్టలు అటక మీదికి ఎక్కిస్తూ నిచ్చెన మీద నుంచి వెనక్కి పడ్డాడు. నడుం పైన వెన్నెముక విరిగింది. ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ బాగానే చేశారు, రాడ్లు వేశారు, పదిహేను రోజులకి ఇంటికి పంపేశారు. ఫిజియోథెరపీ చేయించండని కాగితం మీద రాశారు. రెండు గంటలకోసారి తిప్పాలని, వేడినీళ్ల సంచి పెడితే తెలియకుండానే కాలిపోతుందని, మూత్రం సంచి ఎలా చూసుకోవాలని మా అత్తయ్యకి ఎవరూ విడమరిచి చెప్పలేదు. ఆవిడ పదో తరగతి చదివింది. మూడు వారాల్లో మామయ్యకి వెనక పుండు పడింది.

అప్పటి మా ఇంటి పరిస్థితి చెప్తే, ఇలాంటి ఇళ్లవాళ్లకి తమ ఇల్లే కనపడుతుంది. మొదటి వారం బంధువులంతా వచ్చారు, బత్తాయిలు తెచ్చారు. నెల తిరిగేసరికి ఫోన్లు తగ్గాయి. ఒకరు పసరు మందు అన్నారు, ఒకరు స్టెమ్ సెల్స్‌కి లక్షలు పెట్టమన్నారు, ఒకరు దోషం అన్నారు. ఎప్పుడు నడుస్తాడు అని అందరూ అడిగేవాళ్లు. అత్తయ్య నిద్రపోతోందా అని మాత్రం ఎవరూ అడగలేదు. రాత్రంతా తిప్పుతూ ఆవిడ నడుం పట్టేసింది. ఇంటర్ చదివే మా మరదలు కాలేజీ మానేస్తానంది. అంటే పడింది ఒక్కడే, మంచం పట్టబోయింది ఇల్లంతా.

చివరికి అందరిలాగే మేమూ వెల్లూరు వెళ్లాం. అక్కడ పద్ధతి ఏంటంటే, రోగితో పాటు ఇంటి మనిషి ఒకరు వార్డులోనే ఉంటారు. ఆ మనిషికి కూడా శిక్షణే. ఎలా తిప్పాలి, ఎక్కడ ఎర్రబడిందో అద్దంతో ఎలా చూసుకోవాలి, కొన్ని గంటలకోసారి శుభ్రమైన గొట్టంతో మూత్రం ఎలా తీయాలి, మనిషిని మంచం నుంచి కుర్చీకి మార్చేటప్పుడు తన నడుం ఎలా కాపాడుకోవాలి. అమెరికాలో ఈ పనులకి నర్సులుంటారు. మన దగ్గర ఇంటికి తిరిగొచ్చాక ఉండేది భార్యో, తల్లో, అన్నో. కాబట్టి చికిత్స వాళ్లకీ అందాలి. నా లెక్కలో ఆ కేంద్రం పద్ధతిలో అన్నిటికంటే పెద్ద విషయం ఇదే. న్యూయార్క్ చదువుని ఉన్నదున్నట్టు దించకుండా, మన ఇళ్లు ఎలా ఉంటాయో దానికి తగ్గట్టు మలిచారు.

ఇంకో సంగతి కూడా అక్కడే చూశా. మామయ్యకి ధైర్యం చెప్పింది డాక్టర్లకంటే ఎక్కువగా పక్క మంచాల వాళ్లు. కొబ్బరిచెట్టు మీద నుంచి పడ్డ ఒకాయన, బైకు మీద పడ్డ ఒక డిగ్రీ కుర్రాడు. కొత్తగా వచ్చినవాడికి ఏడాది ముందు వచ్చినవాడు చూపించే దారి వేరు. అత్తయ్యకీ అంతే. ఇంకో ఆడమనిషి పక్కన కూర్చుని, నాకూ మొదట్లో చచ్చిపోదామనిపించింది అన్నాక గానీ ఆవిడ బయటికి ఏడవలేదు. ఏడ్చాక గానీ తిండి తినలేదు. వెల్లూరులో పాత రోగుల్ని మళ్లీ పిలిచి ఏటా రిహాబ్ మేళా జరుపుతారు. ఆరోగ్యం చూస్తారు, ఆటలు పెడతారు. అంటే పంపేసి మర్చిపోరు.

తలకి దెబ్బ తగిలిన వాళ్ల ఇళ్ల కష్టం ఇంకో రకం. అక్కడ మనిషి నడుస్తూ ఉంటాడు కానీ మునుపటి మనిషి కాదు. మతిమరుపు, చిన్నదానికే కోపం, మాట తడబాటు. బయటివాళ్లకి బాగానే ఉన్నాడు కదా అనిపిస్తుంది. ఇంట్లోవాళ్లు మాత్రం ఎదురుగా ఉన్న మనిషి కోసమే దుఃఖపడుతుంటారు. అది అతని పొగరు కాదు, మెదడుకి తగిలిన దెబ్బ అని ఎవరో ఒకరు వాళ్లకి ఓపిగ్గా చెప్పాలి.

మామయ్య నడవలేదు. ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది. లోయర్ ట్యాంక్ బండ్‌లో రెండో అంతస్తు ఖాళీ చేసి, అశోక్‌నగర్ సందులో కింద వాటా తీసుకున్నారు. ముందు గదిలో జిరాక్స్ మిషను, స్పైరల్ బైండింగ్. గ్రూప్స్‌కి చదివే పిల్లలంతా చుట్టూ హాస్టళ్లలోనే కాబట్టి నోట్సుల గిరాకీ బాగానే ఉంది. కౌంటరు ఎత్తు తగ్గించి, గుమ్మానికి రేకు ర్యాంపు వేసింది నేనూ మా క్లాసువాళ్లూ. ఒక అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల వాలు ఉండాలన్నది పుస్తకంలో చదివిన లెక్క. సందులో అంత చోటు లేదు. గుమ్మం ఎత్తు అయిదంగుళాలే కాబట్టి అయిదడుగుల్లో సరిపోయింది. నాలుగు సెమిస్టర్లలో నేను కట్టిన ఒకే ఒక్క కట్టడం అది. మరదలు కాలేజీ మానలేదు.

మనం ఏం చేయగలం అని ఎవరైనా అడిగితే నాకు తెలిసినవి చెప్తా. రోడ్డు మీద ఎవరైనా పడితే చేతులూ కాళ్లూ పట్టుకుని ఆటోలోకి ఎత్తేయొద్దు. మెడ, నడుం వంగకుండా ఉన్నచోటే ఉంచి 108కి ఫోన్ చేయండి. మంటలో, నీటిలో ఉంటే తప్ప కదపొద్దు. సాయం చేసినవాణ్ని కేసుల్లో ఇరికించకూడదని 2019 మోటారు వాహనాల చట్ట సవరణలో ఉంది. తెలిసిన ఇంట్లో ఇలాంటిది జరిగితే మొదటి వారం కాదు, మూడో నెల వెళ్లండి. ఎప్పుడు నడుస్తాడని అడగొద్దు. ఓ రెండు గంటలు మీరు కూర్చుని, ఆ ఇంటి ఆడమనిషిని నిద్రపోనివ్వండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం లేదా అంతకంటే ఎక్కువ వైకల్యం ఉన్నవాళ్లకి ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం, ఉన్నత విద్యలో 5 శాతం తగ్గకుండా రిజర్వేషన్ ఉంది. ఆ సర్టిఫికెట్ కోసం ఆన్‌లైన్ దరఖాస్తు నింపిపెట్టడం మనకి పది నిమిషాల పని, ఆ ఇంటికి పెద్ద పని.

మేరీ వర్గీస్ గారిని త్యాగమూర్తి అని ఒక దండ వేసి వదిలేయడం తేలిక. ఆవిడ బతికుంటే దానికి ఒప్పుకునేవారని నేననుకోను. ఆవిడకి దొరికినవి చూడండి. చేయగల పని ఒకటుందని చూపించిన ఒక పెద్ద, కుర్చీలోంచి అందే ఎత్తులో ఒక బల్ల, నేర్చుకోవడానికి ఒక చోటు, తిరిగొచ్చాక ఉద్యోగం. ఆ నాలుగూ దొరికాయి కాబట్టి ఆవిడ డాక్టరుగా మిగిలారు. దొరకనివాళ్ల కోసం బాగాయంలో ఒక చోటు కట్టారు. మా మామయ్య దుకాణంలో బైండింగ్ చేయించుకున్న నోట్సులో ఆవిడ పేరు ఎక్కడా ఉండదు. కానీ ఆ దుకాణం తెరుచుకోవడంలో ఆవిడ చెయ్యి ఉంది.